ఇల్లు మారింది సరే, తుపాకీ కాగితం మారిందా?

వేసవి సెలవులు మొదలయ్యాయంటే అమెరికాలో మన ఇళ్ల గరాజుల్లో అట్టపెట్టెలు పేరుకుంటాయి. బడి మూయగానే పాత ఇల్లు ఖాళీ చేసి, ఆగస్టులో మళ్లీ బడి తెరిచేలోపు కొత్త ఇంట్లో పాలు పొంగించాలన్నది మన లెక్క. మధ్యలో ఆషాఢం అడ్డం వస్తే దానికి ముందో వెనకో ముహూర్తం చూసుకుంటాం. ఫ్రిజ్ మీద ఒక జాబితా అంటించుకుంటాం. కరెంటు, గ్యాసు, ఇంటర్నెట్, బ్యాంకు, కారు బీమా, పిల్లల స్కూలు, డాక్టరు దగ్గరి ఫైళ్లు, డ్రైవింగ్ లైసెన్సు, పోస్టాఫీసులో ఫార్వర్డింగ్. ఒక్కొక్కటి పూర్తయ్యేకొద్దీ టిక్కు పెట్టుకుంటూ పోతాం.

ఆ జాబితాలో తరచూ కనిపించనిది ఒకటుంది. పడకగది అల్మారాలో, చీరల పెట్టె వెనక, చిన్న ఇనప పెట్టెలో ఉన్న తుపాకీకి సంబంధించిన కాగితం. దాని మీద ఇంకా పాత ఇంటి చిరునామాయే ఉంటుంది. ఏడాది గడుస్తుంది, రెండేళ్లు గడుస్తాయి. ఎవరూ అడగరు కాబట్టి ఎవరికీ గుర్తు రాదు. అడిగే రోజు వచ్చేసరికి మాత్రం అది కేవలం మరచిపోయిన కాగితంగా ఉండదు.

ఈ మాట రాయడానికి కారణం ఉంది. మన సమాజంలో తుపాకీ ఉన్నవాళ్లు ఉన్నారు, కానీ ఆ మాట ఎవరూ పైకి అనరు. గ్యాస్ స్టేషన్, లిక్కర్ స్టోర్, మోటెల్ నడుపుతూ అర్ధరాత్రి దాకా గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాళ్లు కొన్నారు. ఇంట్లో బంగారం ఉంటుందని మనవాళ్ల ఇళ్లనే వెతుక్కుంటూ దొంగలు వస్తున్నారన్న భయంతో ఇంకొందరు కొన్నారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. భారతీయ, ఆసియా కుటుంబాల ఇళ్లను ఎంచుకుని అనేక రాష్ట్రాల్లో దోపిడీలు చేయించిన ముఠా నాయకురాలికి మిషిగన్‌లోని ఫెడరల్ కోర్టు 2019లో 37 ఏళ్ల శిక్ష వేసింది. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేథీలో శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపిన తర్వాత ఎన్నో ఇళ్లలో భోజనాల దగ్గర ఇదే చర్చ జరిగింది. వేటకూ, గురి చూసి కాల్చే సరదాకూ కొన్నవాళ్లు సరేసరి.

తుపాకీ కొనాలా వద్దా అన్నది ఈ సంపాదకీయం తేల్చే విషయం కాదు. అది ఎవరి ఇంటి నిర్ణయం వాళ్లది. కొన్నవాళ్లకు చెప్పదలచుకున్నది ఒక్కటే. మీరు ఇల్లు మారితే దాని కాగితమూ మీతో మారాలి. ఈ దేశంలో పుట్టిన పొరుగువాడికి ఆ మతిమరుపు జరిమానాతో పోవచ్చు. ఇంకా పౌరసత్వం రాని మన కుటుంబాలకు అదే మతిమరుపు ఇరవై ఏళ్లుగా కట్టుకున్న బతుకునే కదిలించగలదు.

ముందు తెలుసుకోవలసింది, అమెరికా అంతటికీ ఒకే తుపాకీ లైసెన్సు లేదు. ఒక రాష్ట్రంలో తుపాకీ కొనడానికే కార్డు కావాలి, మరో రాష్ట్రంలో దాచుకుని వెంట తీసుకెళ్లడానికి లైసెన్సు ఇస్తారు, ఇంకో రాష్ట్రంలో రెండింటికీ అక్కర్లేదు. చిరునామా మారితే ఎన్ని రోజుల్లో చెప్పాలన్నదీ అలాగే మారిపోతుంది. ఇల్లినాయ్‌లో తుపాకీ గానీ తూటాలు గానీ ఇంట్లో ఉండాలంటే ఫోయిడ్ కార్డు ఉండాలి. ఇల్లు మారితే 21 రోజుల్లోగా స్టేట్ పోలీస్‌కు తెలియజేయాలి. టెక్సాస్‌లో హ్యాండ్‌గన్ లైసెన్సు ఉన్నవారికి 30 రోజులు గడువు. న్యూజెర్సీలో ఫైర్‌ఆర్మ్స్ కార్డు ఉన్నవారు 30 రోజుల్లోగా కొత్త చిరునామాతో కార్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి. న్యూయార్క్ రాష్ట్రంలో పిస్తోలు లైసెన్సు ఉన్నవారికి ఇచ్చేది పది రోజులే. న్యూయార్క్ నగరానిది మళ్లీ వేరే లెక్క. రాష్ట్రంలో మరో కౌంటీ ఇచ్చిన లైసెన్సు, ప్రత్యేక అనుమతి లేకుండా నగరంలో చెల్లదు. లాంగ్ ఐలాండ్ నుంచి క్వీన్స్‌కు మారడం మనకు అరగంట ప్రయాణం, పిస్తోలు కాగితానికి మాత్రం దాదాపు మరో రాష్ట్రానికి మారినంత పని.

"డ్రైవింగ్ లైసెన్సులో మార్పించాను కదా, అన్నీ కంప్యూటర్లే కదా, దానంతటదే మారిపోయి ఉంటుంది" అనుకునేవాళ్లు చాలామంది. ఇల్లినాయ్‌నే తీసుకోండి. డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేది సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం. ఫోయిడ్ కార్డు ఇచ్చేది స్టేట్ పోలీస్. ఇమిగ్రేషన్ చిరునామా తీసుకునేది యూఎస్‌సీఐఎస్. ఉత్తరాలు మళ్లించేది పోస్టాఫీసు. నాలుగూ ప్రభుత్వాలే, కానీ ఒక కిటికీలో చెప్పిన మాట ఇంకో కిటికీకి చేరిందని అనుకోవడానికి వీల్లేదు. ప్రతి కిటికీ దగ్గరికీ మనమే వెళ్లి చెప్పాలి.

చెప్పకపోతే ఏమవుతుంది? ఒక ఉదాహరణ అనుకుందాం. అరోరాలో అద్దెకున్న కుటుంబం నేపర్‌విల్‌లో ఇల్లు కొనుక్కుంది. మధ్య దూరం పదిహేను నిమిషాలు, రాష్ట్రం మారలేదు. ఇంటాయన ఫోయిడ్ కార్డు పదేళ్లకు ఇచ్చింది, అందులో ఇంకో రెండేళ్లే మిగిలి ఉంది. చిరునామా మార్పించలేదు. గడువు దగ్గరపడిందన్న కవరు పాత అపార్ట్‌మెంటుకు వెళ్లింది. పోస్టాఫీసు ఫార్వర్డింగ్ గడువు అప్పటికి ఎప్పుడో ముగిసింది. పైగా చాలా ప్రభుత్వ కవర్లు ఫార్వర్డ్ కావు, పంపినచోటికే తిరిగిపోతాయి. కార్డు గడువు దాటింది. ఆయనకు తెలియదు. తుపాకీ మాత్రం అల్మారాలోనే ఉంది. ఒకరోజు రాత్రి ఇంట్లో దొంగలు పడ్డారు. పోలీసులు వచ్చారు. ఏమేం పోయాయని అడిగారు. బంగారంతో పాటు ఆ ఇనప పెట్టె కూడా పోయింది. ఇప్పుడు ఆయన ఏం చెప్పాలి? నిజం చెబితే చెల్లని కార్డుతో తుపాకీ ఉంచుకున్నట్టు తన నోటితోనే ఒప్పుకున్నట్టు. చెప్పకపోతే తన పేరు మీదున్న తుపాకీ రేపు ఏ నేరంలో దొరుకుతుందో తెలియదు. దొంగలు పడిన ఇంటి యజమానే భయపడే పరిస్థితి వచ్చింది. ఇంతటికీ మూలం, కొత్త ఇంట్లో దిగిన మొదటి నెలలో కంప్యూటర్ ముందు కూర్చుని చేయాల్సిన చిన్న పని.

రాష్ట్రమే మారితే విషయం ఇంకా జటిలం. మన ఉద్యోగాలు డాలస్ నుంచి ఎడిసన్‌కు, అట్లాంటా నుంచి బే ఏరియాకు తిప్పుతూనే ఉంటాయి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, చట్టపరమైన అడ్డంకులేవీ లేని పెద్దవాళ్లు లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్ వెంట తీసుకెళ్లవచ్చు. అక్కడ అలవాటుపడినవాళ్లు అదే ధోరణితో న్యూజెర్సీలో అడుగు పెడితే ప్రమాదమే. రాష్ట్రం బయట కొన్న తుపాకీతో న్యూజెర్సీలో స్థిరపడేవారు 60 రోజుల్లోగా దాన్ని నమోదు చేయించుకోవాలని 2022లో చట్టం చేశారు. కాలిఫోర్నియాలో స్థిరపడేవారు కూడా 60 రోజుల్లోగా తమ తుపాకుల వివరాలు ఆ రాష్ట్ర న్యాయశాఖకు ఇవ్వాలి. ఇల్లినాయ్‌కి కొత్తగా వచ్చినవారికి ఫోయిడ్ కార్డు తీసుకోవడానికి 60 రోజులు గడువు. కొన్ని రకాల తుపాకులకు గడువుల ప్రసక్తే లేదు. డాలస్ దుకాణంలో మామూలుగా అమ్మే కొన్ని రైఫిళ్లను, పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్లను కాలిఫోర్నియాలోకి తీసుకురావడమే నేరం. అందుకే ఈ పని ట్రక్కు ఎక్కించిన తర్వాత చూసుకునేది కాదు. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టిన వారంలోనే కొత్త రాష్ట్రం నియమాలు చూసుకోవాలి. అక్కడ చెల్లని వస్తువైతే పాత ఊళ్లోనే లైసెన్సున్న డీలరుకు అమ్మేసి బయల్దేరాలి.

ఒక రాష్ట్రం కాగితం పక్క రాష్ట్రంలో ఎంత పనికిరానిదో చెప్పే సంఘటన ఒకటుంది. 2013లో ఫిలడెల్ఫియాకు చెందిన ఒక తల్లి కారులో న్యూజెర్సీలోకి వచ్చింది. ఆమెకు పెన్సిల్వేనియా ఇచ్చిన లైసెన్సు ఉంది. ట్రాఫిక్ పోలీసు ఆపితే, నా దగ్గర పిస్తోలు ఉందని తానే చెప్పింది, లైసెన్సు కూడా చూపించింది. న్యూజెర్సీ ఆ లైసెన్సును గుర్తించదని ఆమెకు తెలియదు. అరెస్టయింది, ఏళ్ల తరబడి జైలు తప్పదన్న కేసులో ఇరుక్కుంది. పత్రికల్లో గొడవైన తర్వాత, 2015లో అప్పటి గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష ఇచ్చారు. ఆమె దాచలేదు, అబద్ధమాడలేదు. నది దాటడమే ఆమె చేసింది. ఆమె ఈ దేశ పౌరురాలు కాబట్టి జైలు ఒక్కటే భయం. అదే చోట మన గ్రీన్‌కార్డు మనిషి ఉండి ఉంటే ఇంకో భయం కూడా తోడయ్యేది.

ఇల్లు మారే దారిలో రక్షణ ఇచ్చే ఫెడరల్ చట్టం ఒకటి ఉంది. బయల్దేరిన చోటా, చేరే చోటా ఆ తుపాకీ కలిగి ఉండటం, వెంట ఉంచుకోవడం చట్టబద్ధమైతే మధ్యలోని రాష్ట్రాల గుండా తీసుకెళ్లవచ్చు. కానీ తూటాలు తీసేసి ఉండాలి. తుపాకీ, తూటాలు రెండూ కూర్చున్న చోటి నుంచి చేతికి అందకూడదు. వెనక డిక్కీ విడిగా లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి. గ్లోవ్ బాక్సు, సీట్ల మధ్య అర ఆ లెక్కలోకి రావు. మన మినీవ్యాన్లకు, ఎస్‌యూవీలకు విడి డిక్కీ ఉండదు కాబట్టి తాళం పెట్టె తప్పనిసరి అనుకోండి. సామాన్ల కంపెనీలు సాధారణంగా తూటాలు తీసుకెళ్లవు, చాలామంది తుపాకులు కూడా ముట్టుకోరు. ముందే అడగాలి. చెప్పకుండా దుప్పట్ల మధ్య చుట్టి పెట్టెలో పడేయడం అన్నిటికన్నా చెడ్డ పని.

ఇంకో సంగతి మనవాళ్లకు మరీ ముఖ్యం. మనం ఇల్లు ఎంచుకునేటప్పుడు ముందు చూసేది స్కూలు రేటింగు. బడికి నడిచి వెళ్లేంత దగ్గరలో ఇల్లు దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా పెడతాం. ఫెడరల్ చట్టం ప్రకారం బడి ఆవరణకు 1000 అడుగుల లోపల తుపాకీ వెంట ఉండకూడదు. మీ సొంత ఇంటి లోపల ఉంటే పర్వాలేదు. కారులో అయితే తూటాలు తీసి తాళం వేసి ఉండాలి. లేదంటే ఆ బడి ఉన్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు మీకు ఉండాలి. పాత రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు జేబులో ఉంటే చాలదు. కొత్త ఇల్లు బడికి ఎదురుగా ఉందంటే, మీ కారు గరాజు దాటగానే ఈ చట్టం మీకు వర్తిస్తుందన్నమాట.

ఇక అసలు బరువైన సంగతికి వద్దాం. పౌరులు కాని వాళ్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లతో సహా, ఇల్లు మారిన పది రోజుల్లోగా కొత్త చిరునామాను యూఎస్‌సీఐఎస్‌కు ఇవ్వాలి. ఏఆర్-11 అని పిలిచే ఈ పని ఇప్పుడు ఆన్‌లైన్లో అయిపోతుంది, రుసుము లేదు. ఇది మనలో చాలామందికి తెలుసు. తెలియనిది దీని పక్కనున్న మరో నిబంధన. తుపాకీ చట్టాన్ని మీరి ఆయుధం కొన్నట్టు గానీ, ఉంచుకున్నట్టు గానీ, వెంట తీసుకెళ్లినట్టు గానీ నేరం రుజువైతే, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, దేశం నుంచి పంపించివేయడానికి అది ఒక కారణమని ఇమిగ్రేషన్ చట్టం చెబుతోంది. అది ఫెడరల్ చట్టమా, రాష్ట్ర చట్టమా అన్న తేడా లేదు. చిరునామా చెప్పకపోవడం దానంతటది చాలా చోట్ల చిన్న తప్పే. కానీ ఆ చిన్న తప్పు వల్ల కార్డు చెల్లకుండా పోయి, చెల్లని కార్డుతో తుపాకీ చేతిలో ఉంటే అది చిన్న తప్పుగా మిగలదు. అప్పుడు స్థానిక లాయరు "ఒప్పేసుకోండి, జరిమానాతో పోతుంది" అంటే తల ఊపకండి. ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి. జరిమానాతో పోయేది కేసు మాత్రమే కావచ్చు, హోదా సంగతి వేరు.

గ్రీన్‌కార్డు కూడా రాని వాళ్ల సంగతి ఇంకా కఠినం. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, సందర్శకుల వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ కలిగి ఉండకూడదన్నది ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు ఒక మినహాయింపు, మరికొన్ని పరిమిత మినహాయింపులు ఉన్నాయి. మీరితే శిక్ష పదిహేనేళ్ల దాకా ఉండొచ్చు. ఒక్కసారి రేంజ్‌కు వెళ్లి అద్దె తుపాకీతో కాల్చినా అది "కలిగి ఉండటమే". 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెహైఫ్ కేసు అలా మొదలైందే. స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాకు వచ్చిన కుర్రాడు, మార్కులు తగ్గి యూనివర్సిటీ తీసేసిన తర్వాత, షూటింగ్ రేంజ్‌కు వెళ్లి కాల్చాడు. కేసు పడింది, శిక్ష పడింది. తన హోదా పోయిందన్న సంగతి అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని సుప్రీంకోర్టు చివరికి తీర్పు చెప్పింది. ఆ మాట తేలేలోపు ఒక విద్యార్థి జీవితం ఎటు పోయిందో ఆలోచించండి.

ఇది ఇల్లు మారడంతో ఎలా ముడిపడిందంటారా? మన ఇళ్లలో ఒకే కప్పు కింద నాలుగు రకాల హోదాలు ఉంటాయి. ఆయనకు పౌరసత్వం వచ్చింది, ఆమెది గ్రీన్‌కార్డు, చదువుకోవడానికి వచ్చిన తమ్ముడిది ఎఫ్-1, ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలది విజిటర్ వీసా. తుపాకీ ఉన్నది ఆయన పేరు మీద. సేఫ్ నంబరు మాత్రం "ఎందుకైనా మంచిది" అని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాడు. చేత్తో పట్టుకోకపోయినా, తీసుకునే వీలూ ఉద్దేశమూ ఉంటే చట్టం దాన్ని కలిగి ఉండటంగానే చూడవచ్చు. ఇల్లు మారే రోజు మరీ జాగ్రత్తగా ఉండాలి. మనకు కూలీల కన్నా స్నేహితులే ఎక్కువ. యూ-హాల్ బండి తెచ్చుకుంటాం, మధ్యాహ్నానికి బిర్యానీ తెప్పిస్తాం, పది మంది కుర్రాళ్లు వచ్చి సామాన్లు ఎత్తుతారు. వాళ్లలో సగం మంది విద్యార్థులు, హెచ్-1బీలు. "అన్నా, ఈ పెట్టె బరువుగా ఉందే, ఏముంది ఇందులో?" అని ఆ పెట్టె ఎత్తేది వాళ్లే. సాయానికి వచ్చిన పిల్లవాడిని తెలియని ప్రమాదంలోకి నెట్టినట్టవుతుంది. ఆ ఒక్క పెట్టెనూ ఇంటాయన తానే ఎత్తి, తన కారులోనే, తాళం వేసి తీసుకెళ్లాలి. కొత్త ఇంట్లో సేఫ్ నంబరు మార్చి, హక్కున్నవాళ్ల దగ్గరే ఉంచాలి.

కొందరి వాదన మరోలా ఉంటుంది. "మా రాష్ట్రంలో తుపాకులకు రిజిస్ట్రేషనే లేదు. నా దగ్గర ఏముందో ప్రభుత్వానికి నేనెందుకు చెప్పాలి?" ఈ వాదనలో సగం నిజముంది. టెక్సాస్ వంటి చోట్ల ఇంట్లో తుపాకీ ఉందని ఎవరికీ చెప్పనక్కర్లేదు. అక్కడ చిరునామా చెప్పాల్సింది లైసెన్సు తీసుకున్నవాళ్లే. కానీ లైసెన్సు తీసుకున్నప్పుడే ఆ షరతుకు ఒప్పుకున్నాం. అది వద్దనుకుంటే లైసెన్సు వదులుకోవచ్చు గానీ, లైసెన్సు ఉంచుకుని షరతు మరచిపోవడం కుదరదు. పైగా రేపు ఇంకో తుపాకీ కొనబోతే దుకాణంలో నింపే ఫెడరల్ ఫారం 4473లో ఇప్పుడు ఉంటున్న ఇంటి చిరునామాయే రాయాలి. చూపించే గుర్తింపు కార్డు మీద పాత చిరునామా ఉంటే అదొక్కటే చాలదు, కొత్త చిరునామా ఉన్న మరో ప్రభుత్వ పత్రం జతచేయాలి. కార్డుతో సరిపోవాలని పాత చిరునామానే రాసేస్తే ఫెడరల్ ఫారంలో అబద్ధం రాసినట్టు. కాగితం పని తప్పించుకోవాలని చూసి నేరంలోకి నడిచినట్టవుతుంది.

ఇంకొందరిది మొహమాటం. తుపాకీ ఉందని తెలిస్తే పదిమందీ ఏమనుకుంటారో అన్న భయం. పూజకు వచ్చినవాళ్లు పిల్లల్ని పంపరేమో, బంధువులు ఇండియా దాకా మాట మోస్తారేమో అని. ఈ మొహమాటమే అసలు ఇబ్బంది. ట్యాక్సు సంగతి తెలియకపోతే నలుగురిని అడుగుతాం. హెచ్-1బీ స్టాంపింగ్ గురించి వాట్సాప్ గ్రూపులో రాత్రికి రాత్రి యాభై జవాబులు వస్తాయి. తుపాకీ కాగితం గురించి మాత్రం ఎవరినీ అడగలేం. అడగలేనిది తెలియదు, తెలియనిది తప్పుతుంది.

మన ఊళ్లలో ఇది ఇంత రహస్యంగా ఉండేది కాదు. ఊరి పెద్ద ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంటే ఊరందరికీ తెలుసు, పోలీస్ స్టేషన్‌లో రైటరుకూ తెలుసు. ఎన్నికల ప్రకటన రాగానే ఆ తుపాకీని తీసుకెళ్లి స్టేషన్‌లో జమచేసి రసీదు తెచ్చుకునేవారు. ఎన్నికలు ముగిశాక రసీదు చూపించి తిరిగి తెచ్చుకునేవారు. ఇప్పటికీ అదే పద్ధతి. ఆ రసీదు బీరువాలో పట్టాదారు పుస్తకాల పక్కన ఉండేది. తుపాకీ కన్నా దాని కాగితం జాగ్రత్త అన్న తెలివి మనకు అక్కడే ఉంది. ఇక్కడికి వచ్చాక, దుకాణానికి వెళ్లి కొనుక్కోవడం సులువయ్యేసరికి ఆ తెలివి జారిపోయింది. కొనడం ఎంత సులువో, కొన్న తర్వాతి బాధ్యత అంత సులువు కాదు. ఇండియాలో స్టేషన్ మనల్ని పిలిచి గుర్తు చేసేది. ఇక్కడ ఎవరూ పిలవరు. మనమే గుర్తుంచుకోవాలి.

అయితే ఏం చేయాలి? ఇల్లు మారే జాబితాలో ఈ పంక్తి కూడా రాసుకోండి. ఫ్రిజ్ మీద రాయడానికి ఇష్టం లేకపోతే ఫోన్లో రాసుకోండి. ముందుగా మీ దగ్గరున్న ప్రతి కార్డు, లైసెన్సు, కొనుగోలు రసీదు ఒకచోట పెట్టి, దేని మీద ఏ చిరునామా ఉందో, గడువు ఎప్పుడో చూసుకోండి. ఏ రాష్ట్రంలో ఉన్నా ఆ రాష్ట్ర పోలీసు లేదా లైసెన్సు ఇచ్చిన కార్యాలయం వెబ్‌సైట్లోనే నియమం చదవండి. స్నేహితుడు చెప్పాడనో, యూట్యూబులో విన్నామనో ఆగిపోకండి. చట్టాలు ఏటా మారుతున్నాయి, ఈ వ్యాసంలోని గడువులు కూడా రేపు మారవచ్చు. కొత్త ఇంటి తాళాలు చేతికొచ్చిన రోజు నుంచి రోజులు లెక్కపెట్టండి. ఏఆర్-11 నింపడానికి కూర్చున్నప్పుడే లైసెన్సు చిరునామా కూడా మార్చేయండి. పని పూర్తయ్యాక వచ్చే నిర్ధారణ మెయిలునో, కాగితాన్నో ముద్రించి ఇంటి దస్తావేజుల దగ్గర పెట్టండి. గడువు అప్పటికే దాటిపోయిందా? దాచకండి. కార్డు ఇంకా చెల్లుబాటులో ఉంటే ఆలస్యమైనా ఇవాళే చెప్పడం మేలు. కార్డు చెల్లకుండా పోయిందేమో అన్న అనుమానం ఉంటే, మీరు పౌరులు కాకపోతే, ఎవరికీ ఫోన్ చేసే ముందు లాయరుతో మాట్లాడండి.

ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ ఈ సంగతి తెలియాలి. చాలా ఇళ్లలో తుపాకీ ఉందని ఆమెకు తెలుసు గానీ, కాగితం ఎక్కడుందో, గడువు ఎప్పుడో ఆయనకే తెలుసు. ఆయనకు ఏమైనా అయితే ఆమె చేతిలో మిగిలేది తాళం తెలియని పెట్టె, అర్థం కాని చట్టం. ఇంటి బీమా పత్రం ఎక్కడుందో ఇద్దరికీ తెలిసినట్టే ఇదీ తెలియాలి.

మన తెలుగు సంఘాలకూ ఒక మాట. ఏటా ఇమిగ్రేషన్ లాయర్లను పిలిచి సదస్సులు పెడుతున్నారు, ట్యాక్సు నిపుణులతో మాట్లాడిస్తున్నారు, వీలునామాల గురించి కూడా చెప్పిస్తున్నారు. అందులో అరగంట దీనికీ ఇవ్వండి. ఆ రాష్ట్ర నియమాలు తెలిసిన ఒక లాయరు, కౌంటీ పోలీసు శాఖ నుంచి ఒక అధికారి వస్తే చాలు. తుపాకీని పొగడమని గానీ, తిట్టమని గానీ అనడం లేదు. ఎవరి దగ్గర ఉందో చేతులెత్తమని అడగనక్కర్లేదు. ప్రశ్నలు చీటీల మీద రాసి ఇమ్మంటే, పైకి అడగడానికి మొహమాటపడేవాళ్ల సందేహాలు కూడా బయటికి వస్తాయి. కొత్తగా వచ్చిన విద్యార్థులకు సెప్టెంబరులో పెట్టే స్వాగత కార్యక్రమాల్లో, సరదాకైనా రేంజ్‌కు వెళ్లవద్దన్న మాట ఒక్కటి తప్పక చెప్పండి.

ఈ దేశానికి మనం కాగితాల మీద వచ్చాం. ఐ-20, ఐ-797, ఐ-94, ఏళ్ల తరబడి ఎదురుచూసిన ప్రయారిటీ డేటు. ఒక్క కాగితం తప్పితే ఏమవుతుందో మనకు తెలిసినంతగా ఈ దేశంలో ఇంకెవరికీ తెలియదు. అంత జాగ్రత్తగా ఫైళ్లు దాచుకునే ఇంట్లో ఒక్క తుపాకీ కార్డు మాత్రం పాత చిరునామాతో పడి ఉండటం మనకు తగదు. కొత్త ఇంట్లో పాలు పొంగిన సాయంత్రం, అతిథులు వెళ్లిపోయాక, ఆ కార్డు ఒక్కసారి తీసి చూడండి. దాని మీద పాత ఇంటి నంబరే ఉంటే, గృహప్రవేశం ఇంకా పూర్తి కాలేదన్నమాట.